నటుని పోలిక

తన కిష్టమైన సినిమా నటునివలె నున్నావని యెవరైన ననినయెడల సంతోషింపని బాలుడు మా తరగతులలో లేడు. లెక్కలలో నూటికి నూరు వచ్చినవని చెప్పినప్పటికంటె ఈ మాట చెప్పినప్పుడే వాని ముఖము వికసించును. పెండ్లి పందిటిలో దూరపు బంధువొకడు అనును. సెలూనులో కత్తెర పట్టినవాడు అద్దములో చూచి అనును. శివరాత్రి తీర్థమునాడు బలిఘట్టమున వరాహ నదియొడ్డున, ముఖపరిచయమైనను లేని మనుష్యుడొకడు నిలిపి అనును. అన్నవాడు మరునిమిషమున మరచిపోవును. విన్నవాడు మాత్రము ఏండ్లతరబడి మరువడు. ఇంత చిన్న మాటకు అంత బలమెట్లు కలిగినది? దానివలన మేలెంత, కీడెంత? ఈ సంగతిని గూర్చి మా కోచిన నాలుగు మాటలు ఇచట వ్రాయుచున్నాము.

సినిమా యన్నంతనే ముఖము చిట్లించు పెద్దలు మా సంఘములలో నేటికిని కలరు. వారి భయము కేవలము నిష్కారణమని మేము చెప్పము. రాత్రి రెండవ ఆట చూచివచ్చి మరునాటి యుదయము మొదటి పీరియడులోనే కునుకుపాట్లు పడు బాలుని మేమును ఎరుగుదుము. అయినను ఒకని మెచ్చుకొని వానివలె నుండ గోరుట పాపమని మా కెన్నడును తోచలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము మొట్టమొదట నేర్చుకొన్న సంగతులలో నొకటి, బాలుడు చూచి నేర్చును, విని నేర్చుట తరువాతి మాట యని. పలుకు, నడక, పలకపై అక్షరము, సమస్తమును అనుకరణమువలననే వచ్చును. అట్టివాడు వెండితెరపై ఇరువది అడుగుల యెత్తున కనబడిన మనుష్యుని అనుకరింపకుండునా? కావున నటుని మెచ్చు బాలునితో మాకు తగవు లేదు. మాకు విచారము కలిగించునది ఆ పోలిక చెప్పు మాట. అది యెవరికి దొరకుచున్నదో, యెవరికి దొరకుట లేదో, దొరికినవాడు దానితో నేమి చేయుచున్నాడో ఆలోచించువారు తక్కువ.

మన భాషలో పోలిక యనునది మొదట ఇంటిమాట. బిడ్డ పుట్టినది మొదలు, చూడవచ్చిన అమ్మలక్కలు ముక్కు తాతది, నుదురు నాయనమ్మది, చూపు మేనమామది యని పంచిపెట్టుదురు. ఆదికాండము మొదటి అధ్యాయమున దేవుడు నరుని చేసిన విధమును చదువునప్పుడును మన తెలుగు బైబిలులో పోలికె యను మాటయే వచ్చును. ఇంటిలో తాత పోలిక యన్నప్పుడు ఆ ముక్కుతోపాటు తాత కథయు వచ్చును. ఆయన కూలిచేసి కొనిన అరెకరము, తాను చదువు రానివాడైనను పిల్లలను బడికి పంపిన పట్టుదల, కోపము వచ్చినప్పుడు మాటలాడక పశువుల పాకలోనికి పోయి కూర్చుండు అలవాటు, ఇవన్నియు ఆ ఒక్క మాటవెంట నడచి వచ్చును. బిడ్డకు తెలియకుండగనే ఒక బాధ్యత మీద పడును. నటుని పోలిక చెప్పినప్పుడు వెనుక నేమియు రాదు. ముఖమొక్కటే వచ్చును. మనిషిని పోలిన మనుష్యులు ఏడుగు రుందురని సామెత కలదు గాని, ఆ యేడుగురును ఒకే పని చేయుదురని ఏ సామెతయు చెప్పలేదు.

ముఖ మొక్కటే మిగిలినప్పుడు ఏమగునో తెలిసికొనుటకు మా ప్రాంతమువారు దూరము పోనక్కరలేదు. నర్సీపట్నము మీదుగా చింతపల్లి మన్యమునకు పోవు దారి మా పిల్లలందరకు తెలిసినదే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు గారు తమ యనుచరులతో చింతపల్లి పోలీసు ఠాణాపై దాడిచేసి తుపాకులు గైకొనిరి. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. 1924 మే 7న ఆయనను పట్టుకొని కాల్చి చంపిరి. సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. ఆయన మరణించిన సరిగా ఏబదియేండ్లకు, 1974 మే నెలలో, ఘట్టమనేని కృష్ణ గారు ఆయన పాత్ర ధరించిన సినిమా విడుదలయ్యెను. అది కృష్ణ గారి నూరవ చిత్రము. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రము. చిత్రీకరణము మధ్యలో దర్శకులు వి. రామచంద్రరావు గారు మరణించిరి. శ్రీశ్రీ గారు దానికి వ్రాసిన పాటకు జాతీయ పురస్కారము వచ్చినది.

ఆ నాటినుండి సీతారామరాజు గారి రూపమేదియని మా విద్యార్థుల తండ్రుల నడిగిన, వారు కృష్ణ గారి గడ్డమును, కృష్ణ గారి కన్నులను వర్ణింతురు. వారి పిల్లల నడిగిన, 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమాలోని రామ్ చరణ్ గారిని వర్ణింతురు. ఆ కథ కల్పితమే యైనను పాత్రకు పెట్టిన పేరు అదియే గదా! ఒక్క యింటిలో తండ్రికి ఒక రాజు, కొడుకునకు వేరొక రాజు. ఏబదియేండ్లు నిండక మునుపే వీరుని ముఖము మారిపోయినది. ఠాణాపై దాడి జరిగిన తేదీ మాత్రము మారలేదు. మా చరిత్ర తరగతిలో ఆ తేదీ చెప్పగలవారి సంఖ్యను ఇచట వ్రాయక విడిచిపెట్టుచున్నాము.

మా సంఘములలోను ఇట్టిదే జరిగినది. 1978లో కరుణామయుడు విడుదలయ్యెను. విజయచందర్ గారు ప్రభువు పాత్ర ధరించిరి. గ్రామములలో తెరలు కట్టి చూపినప్పుడు జనులు కన్నీరు కార్చిరి. ప్రార్థనలో కన్నులు మూసికొనిన వెంటనే మాకు కనబడునది ఆ ముఖమే యని చెప్పిన వృద్ధురాండ్రను మేమెరుగుదుము. వారి భక్తిని మేము తక్కువ చేయము. పడమటి దేశములవారి కథయు అంతే. 1940లో అమెరికా దేశపు చిత్రకారుడు వార్నర్ సాల్మన్ గీసిన పటము లెక్కకు మించిన ప్రతులుగా అచ్చుపడి, ఇండ్ల గోడలపైకిని బైబిలు పుటల నడుమకును చేరినది. అయితే నాలుగు సువార్తలను మొదటినుండి తుదివరకు చదివినను ప్రభువు ముక్కు ఎట్లుండెనో, వర్ణమేదో, ఎత్తెంతయో ఒక్క మాటయు లేదు. ఆయన ఎవరిని ముట్టెనో, ఎవరితో భోజనము చేసెనో, ఎచట అలసి బావియొద్ద కూర్చుండెనో వ్రాసిరి. ముఖమును వ్రాయలేదు. శిష్యులు మరచిపోయి వ్రాయకుండిరని మేము నమ్మము. ఆ విజయచందర్ గారే 1986లో షిరిడీ సాయిబాబా పాత్రయు ధరించిరి. వేరొక కూటమివారికి ఆ ముఖమే వేరొక స్మరణము కలిగించెను. నటుని ముఖము అద్దెయిల్లు వంటిది. నేడొకరు, రేపొకరు అందు కాపురముందురు. అది నటునకు లోపము కాదు, ఆయన వృత్తియే అది. ఆ యింటిని చూచి యిదియే నా సొంతమని చదువుకొను బాలుడు అనుకొన్నచో చిక్కు వచ్చును.

ఇక నిజముగా పోలిక కలిగి, ఆ పోలికతోనే జీవనము ఆరంభించిన యొకరి కథ చెప్పెదము. కైకాల సత్యనారాయణ గారు 1935లో కృష్ణా జిల్లా కౌతవరమున జన్మించి, గుడివాడ కళాశాలలో చదువుకొనిరి. నాటకములయందు మక్కువ మెండు. 1959లో సిపాయి కూతురు అను చిత్రమున నాయకునిగా తొలిసారి తెరపైకి వచ్చిరి. చిత్రము పరాజయము పొందినది. కాని రూపమున ఆయన నందమూరి తారక రామారావు గారిని పోలియుండుటను పలువురు గమనించిరి. రామారావు గారును గమనించిరి. ఆ పోలికయే ఆయనకు అన్నము పెట్టెను. రామారావు గారు రెండు పాత్రలు ధరించునప్పుడు రెండవ మనుష్యునిగా నిలుచుటకు, అనగా డూపుగా నుండుటకు, ఆయనను పిలిచెడివారు.

డూపు పని యెట్టిదో మా పిల్లలకు తెలియదు గనుక కొంచెము వివరించెదము. 1964లో వచ్చిన రాముడు భీముడు చిత్రమున రామారావు గారు కవలలుగా నటించిరి. ఆ కాలమున నేటి కంప్యూటరు యుక్తులు లేవు. కెమెరా కటకమునకు సగము మూతపెట్టి ఒకమారు, తక్కిన సగము మూతపెట్టి మరియొకమారు ఒకే ఫిల్ముపై చిత్రించెడివారు. నటుడు మొదటిమారు చూపు నిలిపిన చోటు, చేయి చాచిన కొలత తప్పక జ్ఞాపకముంచుకొని రెండవమారు నటింపవలెను. ఇద్దరును ఎదురెదురుగా నిలిచి మాటలాడుచు, ఒకరి వీపు మాత్రమే మనకు కనబడవలసినచోట వేరొక మనుష్యుడు కావలెను. ఆ వీపు సత్యనారాయణ గారిది. ఊరూర జనులు ఈలలు వేసి చప్పట్లు కొట్టుచుండగా, తెరపై తానున్నను తన ముఖము లేకుండ నిలిచిన మనుష్యుని మనస్సులో నేముండెనో! నటుని పోలియున్నావను మాట నెత్తిన పెట్టుకొని తిరుగు బాలుడు ఒక్కసారి ఆ వీపును తలచుకొనవలెనని మా కోరిక.

ఆయన అచ్చటనే ఆగియున్నచో ఆయన పేరు మనకు తెలియకుండెడిది. 1960లో విఠలాచార్య గారు కనకదుర్గ పూజామహిమలో ఆయనకు ప్రతినాయకుని వేషమిచ్చిరి. నాయకుని పోలిన ముఖమునకు దుష్టపాత్ర! పోలిక యిచ్చిన దారినుండి అది పూర్తిగా ప్రక్కకు తిరిగిన దారి. ఆ దారినే ఆయన ఆరు దశాబ్దములు నడచి, 750కి మించిన చిత్రములలో నటించిరి. 1977 సంక్రాంతికి దానవీరశూరకర్ణ, కురుక్షేత్రము అను రెండు చిత్రములు విడుదలయ్యెను. మొదటిదానిలో దుర్యోధనుడు రామారావు గారు. రెండవదానిలో దుర్యోధనుడు సత్యనారాయణ గారు. ఒకనాడు వీపు చూపి నిలిచినవాడు అదే పాత్రను, అదే పండుగకు, తన ముఖముతో తన కంఠముతో పలికెను. ఆ యేడే యమగోలలో యముడై రామారావు గారి యెదుట నిలిచి సరిసమానముగా నటించెను. నేడు తెలుగుదేశమున యముడెట్లుండునని యడిగిన, చిన్నపిల్లవాడును సత్యనారాయణ గారి గంభీరస్వరమునే అనుకరించును. రామారావు గారి పోలిక యని ఎవరును అనరు.

పైన చెప్పిన కృష్ణ గారి సంగతియు ఇచట కొంచెము చెప్పవలెను. ఆయన 1943లో తెనాలి సమీపమున బుర్రిపాలెములో జన్మించిరి. ఆయనకు అభిమాన నటుడు రామారావు గారు. ఏలూరులో చదువుకొనుచుండగా అక్కినేని నాగేశ్వరరావు గారికి అచట జరిగిన సన్మానమును, ఆ జనసమ్మర్దమును చూచి తానును నటుడు కావలెనని నిశ్చయించుకొనిరి. అనగా మా బాలురకు కలిగినట్టి మోజే ఆయనకును కలిగినది. అయినను 1965లో తేనె మనసులు చిత్రముతో వచ్చినప్పుడు ఆయన ఇద్దరిలో నెవరివలెను రాలేదు. 1966లో గూఢచారి 116, 1971లో మోసగాళ్ళకు మోసగాడు. తెలుగు తెరపై తుపాకి పట్టిన గూఢచారి, గుఱ్ఱమెక్కిన కౌబాయి, అటుపిమ్మట మన్యవీరుడు. అంతకు ముందు ఎవరును తొక్కని త్రోవలు వెదకికొనిరి. ఆయనయు సత్యనారాయణ గారును 2022 సంవత్సరాంతమున ఐదారు వారముల యెడముతోనే పరలోకగతులైరి.

ముఖము కంటె నడత యెంత బలవత్తరమో చూడగోరువారు 1957 నాటి మాయాబజారును మరల చూడుడు. ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించును. తెరపై నున్నది సావిత్రి గారి ముఖమే, సావిత్రి గారి చీరయే. అయినను ఆమె ఆ భుజము లెగురవేయు విధము, పాదము నేలపై మోపు విధము చూచిన క్షణమున ఇది శశిరేఖ కాదు, యస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడని పల్లెటూరి ముదుసలియు గుర్తుపట్టును. పోలిక యందముగా నుండవచ్చును గాని, మనుష్యుడెవరో నడకలోనే తెలిసిపోవును. సావిత్రి గారు మన తరగతిలో నిలిచి ఆ పాఠము చెప్పినను ఇంతకంటె తేటగా చెప్పలేకపోదురు.

ఇంతవరకు పోలిక దొరికినవారి మాట. ఈ వ్యాసమును వ్రాయుటకు అసలైన కారణము దొరకనివారు. పాఠశాల ఆవరణములో కొన్ని దినములు చెవియొగ్గి వినినచో ఎవరికైనను తెలియును. నాయకుని పేరు దొరకునది తెల్లగా, తలవెండ్రుకలు ఒత్తుగా నున్న బాలునికి. నల్లనివానికి, పండ్లు ఎత్తుగా నున్నవానికి, పొట్టివానికి, లావుగా నున్నవానికి దొరకునది హాస్యనటుని పేరో, ప్రతినాయకుని పేరో. దానిని ముద్దుపేరనుచున్నారు. అందరును నవ్వుదురు, ఆ బాలుడును నవ్వును. నవ్వకున్న ఇంకను ఎక్కువగా పిలుతురని వానికి తెలియును. ఆరవ తరగతిలో పెట్టిన పేరు పదవ తరగతివరకు వెంటాడును. హాజరుపట్టీలోని పేరు ఉపాధ్యాయునికి మాత్రమే మిగులును. ఆ బాలుడు ప్రసంగపోటీకి పేరియ్యడు. క్రిస్మసు నాటికలో వేషమిత్తుమన్నను రాడు. వేదికపై నిలిచిన వెంటనే వెనుక వరుసనుండి ఆ పేరు వినబడునని వాని భయము. ఆ భయము అబద్ధము కాదు. ఆ హాస్యనటులు స్వయముగా ఎంతటి ప్రతిభావంతులో, తామే నవ్వుచు ఇతరుల నెంత కష్టపడి నవ్వించిరో ఆ పిలుచువారికి తెలియదు. మెచ్చుకోలుగా చెప్పదగిన పేరే వారి నోట ఎగతాళియైనది.

బాలికల సంగతి ఇంకను చిక్కు. తారవలె నున్నావని ఇరుగుపొరుగువారు అనినయెడల తల్లి సంతోషించును, తండ్రి భయపడును, బడి మాన్పింతుమను మాట ఆ యింటిలో ఎక్కడనో పుట్టును. అనని బాలికకు వేరొక దుఃఖము. పెద్దలే ఆమె యెదుట ఆమె వర్ణమును గూర్చి, పెండ్లి కట్నమును గూర్చి కలిపి మాటలాడుదురు. వంటయింటి అలమరలో పసుపు ప్రక్కన ముఖము తెలుపుచేయు లేపనపు గొట్టము చేరును. ఆ జాతి లేపనములలో మిక్కిలి పేరుగన్నది 2020లో విమర్శలకు జడిసి తన పేరులోని తెలుపు మాటను తీసివేసి వేరొక మాట పెట్టుకొన్నది. పేరు మారినది గాని మన యిండ్లలో మాట మారినదా? ఎండలో పొలము పనిచేయు దేశమున పుట్టి, పొలము పనిచేసినవారి వర్ణమును తప్పుగా నెంచుట మాకు ఎన్నటికిని అర్థము కాని సంగతి.

ఇప్పుడు సెల్‌ఫోనులో ముఖము చూపిన నీవు ఏ నటునివలె నున్నావో చెప్పు యంత్రములును వచ్చినవి. చర్మపు వర్ణమును మార్చి, దవడను సన్నగించి చూపునవియు కలవు. వానిని గూర్చి విస్తరించి వ్రాయుట అనవసరము. పెండ్లి పందిటిలోని బంధువు చేయు పనినే అవియు చేయుచున్నవి. బంధువునకు సిగ్గు చెప్పవచ్చును, యంత్రమునకు చెప్పలేము, అంతయే భేదము.

తల్లిదండ్రులకు మా మనవి యేమనగా, మీ బిడ్డ ఫలానా నటునివలె నున్నాడని యెవరైన ననినప్పుడు నవ్వి యూరకుండుడు. తరువాత ఇంటికి వచ్చి ఆ బిడ్డతో ఆ చెవులు ఎవరివో, ఆ పట్టుదల ఎవరిదో చెప్పుడు. తాత ఫొటో పెట్టెలో నున్నచో తీసి చూపుడు. ఫొటో లేనియెడల కథ చెప్పుడు. మా ప్రాంతపు ఇండ్లలో ఎందరో తాతలకు ఫొటోలు లేవు, కథలు మాత్రము పుష్కలముగా నున్నవి. మా తోటి యుపాధ్యాయులకు చెప్పునది యింకను చిన్నది. తరగతిలో హాజరుపట్టీలోని పేరుతో తప్ప మరియొక పేరుతో ఎవరిని పిలువవద్దు, ఎవరైన పిలిచినప్పుడు తామును నవ్వవద్దు. మారుపేరుతో పిలిచినవానిని దండించుటకంటె ఆ పిలువబడిన బాలుని పేరును, ఇంటిపేరుతో సహా, మరల ఒకసారి స్పష్టముగా ఉచ్చరించుట మాకు ఎక్కువ ఫలమిచ్చినట్లు తోచుచున్నది. క్రిస్మసు నాటికలో జ్ఞానుల వేషములు, దేవదూతల వేషములు తెల్లని పిల్లలకే పంచు ఆచారమును కూడ ఇక మానవచ్చును. తూర్పుదేశపు జ్ఞానుల వర్ణమును గూర్చియు మత్తయి సువార్త ఏమియు చెప్పలేదు.

ఈ పత్రికలో అచ్చువేయుటకు తరగతులవారీగా ఫొటోలు తీయించుచున్నారు. ప్రతి యేడును ఆ ఉదయము సెలూనుల ముందు మా బాలురు వరుసలు కట్టుట, ఫలానా నటుని కటింగు చేయుమని యడుగుట మేమెరుగుదుము. చేయించుకొనుడు, మేము వలదనము. ఫొటో క్రింద అచ్చుపడు పేరులలో అక్షరదోషములు రాకుండుటకై ప్రతి విద్యార్థియు తన పేరును, తండ్రి పేరును, తల్లి పేరును స్వహస్తముతో కాగితముపై వ్రాసి ముందుదినము సాయంకాలమునకు ఆఫీసుగదిలో ఇయ్యవలెను.